రంగు కింద తుప్పు పొక్కులు: పాత అంబాసిడర్ రేకును కాపాడుకునే పద్ధతి

మా తాతగారి అంబాసిడర్ 1984 మోడల్, మార్క్-4. కాకినాడలో సముద్రపు గాలి తగిలేంత దూరంలో, పెరటి వేపచెట్టు కింద దాదాపు ముప్పై ఏళ్లు నిలబడింది. అది నా చేతికి వచ్చిన ఏడాదే వెనక తలుపు అడుగున శనగగింజంత పొక్కు ఒకటి కనిపించింది. షెడ్డుకు తీసుకెళ్తే అరగదీసి, లప్పం పెట్టి, రంగు కొట్టి రెండు రోజుల్లో ఇచ్చేశారు. అద్దంలా మెరిసింది. మరుసటి వానాకాలం దాటేసరికి అదే చోట ఐదు పొక్కులు లేచాయి. ఈసారి నేనే ఉలి తీసుకుని తవ్వాను. అర అంగుళం మందాన లప్పం పెచ్చుగా ఊడి వచ్చింది. దాని వెనక రేకు లేదు. లప్పం జారిపోకుండా కుక్కిన గోనెగుడ్డ ముక్క ఉంది. పైన పటారం, లోన లొటారం.

ఆ తలుపు మీద తప్పులు చేస్తూ నేర్చుకున్న పద్ధతి ఇది. పొక్కు అనేది తుప్పు బయటపడిన చోటు మాత్రమే. పుట్టిన చోటు చాలాసార్లు రేకు వెనక, మన కంటికి ఆనని మూలలో ఉంటుంది. అందుకే గరుకు కాగితం పట్టుకునే ముందు స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి. ప్రీమియర్ పద్మిని లాంటి పాత కారు ఉన్నవాళ్లకూ ఇందులో చాలాభాగం పనికొస్తుంది.

రంగు ఎందుకు పొక్కుతుంది

ఇనుము తుప్పుగా మారితే ఉబ్బుతుంది. తానున్న చోటుకు రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు అడుగుతుంది. రేకుకూ రంగుకూ మధ్య అంత చోటు ఉండదు కాబట్టి రంగును పైకి తోస్తుంది. రాయి తగిలి రంగు లేచిపోయిన చోట మొదలైన తుప్పు బయట నుంచి లోపలికి పాకుతుంది. దాని నడిమధ్య చిన్న దెబ్బ గుర్తు కనిపిస్తుంది. దెబ్బేమీ లేకుండా నున్నటి రంగు మీద గుంపుగా లేచిన పొక్కులు మాత్రం లోపల నుంచి వచ్చినవి. అవి కనిపించేసరికే రేకు చాలావరకు తినేసి ఉంటుంది.

తీరంలో ఉప్పు ఈ పనిని వేగిరం చేస్తుంది. ఉప్పు గాలిలోని తేమను లాగి పట్టుకుంటుంది, పైగా ఆ తేమలో విద్యుత్తు తేలిగ్గా పారేలా చేస్తుంది. తుప్పు పట్టడం అంటే రేకు మీద లెక్కలేనన్ని చిన్న చిన్న బ్యాటరీలు పనిచేయడమే కాబట్టి ఉప్పు వాటికి మేత అవుతుంది. తుప్పు గుంటల అడుగున దాగిన ఈ ఉప్పును కడగకుండా పైన ఎంత ఖరీదైన రంగు వేసినా మళ్లీ పొక్కుతుంది.

మొదట పొక్కును చదవాలి

సూదితో ఒక పొక్కును గుచ్చండి. తేటనీటి చుక్క వచ్చి, అడుగున ప్రైమర్ (రంగుకు ముందు రేకుకు వేసే తొలిపూత) చెక్కుచెదరకుండా ఉంటే అది తుప్పు కాదు, రంగు వేసినప్పుడు చిక్కుకున్న తేమ. గోధుమరంగు నీరో పొడో రాలితే తుప్పే.

తర్వాత అయస్కాంతం పరీక్ష. ఫ్రిజ్‌కు అంటించే పలచని అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి రేకు మీద మెల్లగా జరపండి. మంచి రేకు మీద అది పట్టి లాగుతుంది, లప్పం మందంగా ఉన్నచోట పట్టు సడలుతుంది, మరీ మందంగా ఉంటే జారి కింద పడుతుంది. సడలిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత గీయండి. వేలి కణుపుతో తట్టినా తెలుస్తుంది. రేకు ఖంగుమంటుంది, లప్పం దబ్బుమంటుంది. మా తలుపు మీద సుద్దగీతలు పూర్తయ్యేసరికి అది పటంలో లంకలాగా కనిపించింది. పైకి రూపాయి బిళ్లంత కనిపిస్తే లోపల అరచేతంత ఉంటుందని ముందే అనుకుని దిగితే నిరాశ ఉండదు.

చివరగా, అడుగు నుంచి స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి. గట్టిగా ఎదురు తోస్తే పైపైన పట్టిన తుప్పు. అంచులు పెళుసుగా రాలితే గుంటలు పడ్డట్టు. మొన దిగబడిపోతే అక్కడ కొత్త రేకు వేయాల్సిందే.

అంబాసిడర్‌లో ముందుగా చూడాల్సిన చోట్లు: తలుపుల కింది అంచులు, ముందు మడ్‌గార్డు చక్రం వెనక కిందికి దిగేచోట, హెడ్‌లైటు గిన్నె చుట్టూ, ముందు వెనక అద్దాల రబ్బరు కింద, డిక్కీ మూత అడుగు అంచు, స్టెప్నీ ఉండే చోటు, బ్యాటరీ కింది పళ్లెం.

ఇక్కడ ఒక హద్దు గీసుకోవాలి. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 నుంచి వచ్చిన ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడిగా ఫ్రేము లేదు. బాడీయే బరువు మోస్తుంది. కాబట్టి తలుపుల కింద గడపలా నడిచే పెట్టె, జాకీ పెట్టే చోటు, వెనక కమాన్‌కట్టలు వేలాడే బ్రాకెట్లు, సీటు బెల్టు బిగించిన చోటు, వీటిలో స్క్రూడ్రైవర్ దిగిందంటే అది రంగుకు సంబంధించిన సమస్య కాదు. మంచి వెల్డరుకు అప్పగించండి. వెల్డింగ్‌కు ముందు తలుపులకు, బాడీకి మధ్య సందులు కొలిచి పెట్టుకోమనండి. గడప కోసేశాక బాడీ కుంగితే తలుపులు మళ్లీ మూతపడవు.

రోజు, వాతావరణం

కోస్తాలో ఈ పనికి సంక్రాంతి నుంచి ఫాల్గుణం దాకా మంచి అదను. ఆ రోజుల్లోనూ ఉదయం పది దాటాకే ప్రైమర్ ముట్టుకోవాలి, తెల్లవారుజామున రేకు మీద మంచు ఉంటుంది. గాలిలో తేమ 85 శాతం దాటితే రంగు పని వద్దు. రేకు వేడి, మంచు పట్టే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. ఇంత లెక్క ఎందుకంటారా? చల్లటి రేకు మీద కంటికి కనిపించని నీటిపొర ఉంటుంది. దాని మీద ప్రైమర్ వేస్తే తుప్పుకు మన చేత్తో నీళ్లు పోసి మూత పెట్టినట్టే.

వెనక వైపు విప్పడం

తలుపైతే అద్దం తిప్పే హ్యాండిల్, లోపలి పిడి, తర్వాత లోపలి అట్ట విప్పాలి. క్లిప్పులను ఒక్కొక్కటిగా, వెడల్పాటి రేకుతో పైకెత్తండి. పాత అట్ట తడిసి పెళుసు బారి ఉంటుంది, లాగితే చినిగిపోతుంది.

మా తలుపులో చెయ్యి పెడితే గుప్పెడు తడిమట్టి, కుళ్లిన వేపాకు, ఒక పావలా బిళ్ల దొరికాయి. ఏప్రిల్ నెల, వాన పడి నాలుగు నెలలు. అయినా ఆ మట్టి పిండితే నీరు కారేట్టు ఉంది. కిటికీ అద్దం పక్క నుంచి తలుపు లోపలికి నీరు దిగడం మామూలే. అది పోవడానికి అడుగున కన్నాలు ఉంటాయి. మా కన్నాలను వేపాకు మూసింది. ఒకటి మాత్రం పూర్వం ఎవరో కొట్టిన నల్లటి కోటింగ్‌తో మూసుకుపోయింది.

మట్టి అంతా తీసి, కన్నాలను సైకిల్ చువ్వతో పొడిచి, లోపల ఒక చెంబు నీళ్లు పోయండి. అన్ని కన్నాల నుంచీ ధారగా కారాలి. తలుపు మడత అంచు మీద చేరిన పొరల తుప్పును గీకండి. తర్వాత మంచినీటితో కడిగి, బ్లోయర్‌తో ఆరబెట్టండి. తీరంలో చాలా బోర్ల నీరు ఉప్పన. ఆ నీటితో కడిగితే కడగనట్టే. మున్సిపాలిటీ నీరో ఫిల్టర్ నీరో వాడండి.

రంగు తీసి రేకు బయటపెట్టడం

ముందు సబ్బునీటితో కడిగి, థిన్నర్ గుడ్డతో జిడ్డు తుడవండి. జిడ్డు ఉండగా అరగదీస్తే అది గీతల్లోకి దిగుతుంది. చుట్టుపక్కల అద్దాలను తడిగుడ్డతో కప్పాలి. గ్రైండర్ నిప్పురవ్వలు అద్దం మీద పడితే ఇక పోని చుక్కలు పడతాయి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, కాబట్టి ఆ పొడి పీల్చకూడదు. మంచి మాస్కు కట్టుకుని, వీలైనంత వరకు తడిపి అరగదీసి, పిల్లలు ఆడుకునే చోటికి దూరంగా పని చేయండి.

గ్రైండర్‌కు రంగు తీసే మెత్తటి డిస్కు గానీ 80 నంబరు ఫ్లాప్ డిస్కు (గరుకు కాగితం రెక్కలు పేర్చినది) గానీ పెట్టండి. తీగ బ్రష్ ఒక్కదానినే నమ్ముకుంటే మోసపోతారు. అది తుప్పును తీయకుండా గుంటల మీద నున్నగా రుద్ది మెరిపిస్తుంది. చూడటానికి ఇనుములా ఉంటుంది, లోపల తుప్పు అలాగే ఉంటుంది. డిస్కును ఒకేచోట ఆపవద్దు. మధ్యమధ్య అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఆనించలేనంత వేడెక్కితే ఆపాలి, లేకపోతే బల్లపరుపు రేకు అలలు తిరుగుతుంది. ఇసుకతో బ్లాస్టింగ్ చేయించేవాళ్లకూ ఇదే మాట. పెద్ద ఒత్తిడితో కొట్టిన ఇసుక తలుపు రేకును అప్పడంలా వంచేస్తుంది.

తుప్పు అంచు దాటి మూడు నాలుగు సెంటీమీటర్ల దాకా మెరిసే మంచి రేకు కనిపించేవరకు వెళ్లండి. అక్కడినుంచి పాత రంగు అంచును 120, 180, 320 కాగితాలతో క్రమంగా పలచన చేయాలి. కళ్లు మూసుకుని వేలు జరిపితే మెట్టు తగలకూడదు. కంటికంటే వేలే నమ్మదగ్గది.

అంబాసిడర్ బానెట్ కింద గానీ పరిసరాల్లో గానీ పని చేస్తుంటే ఛాసిస్ నంబరు కొట్టిన చోటును టేపుతో కప్పేయండి. ఆ అంకెలు అరిగినా, వాటిపై లప్పం పడినా ఫిట్‌నెస్ పరీక్షలో తిప్పలు తప్పవు.

గుంటల్లో మిగిలిన తుప్పు

ఎంత రుద్దినా గుంటల అడుగున నల్లటి చుక్కలు మిగులుతాయి. వీటికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు వాడాలి. అది తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. టానిక్ ఆమ్లం ఉన్నవి తుప్పును నీలినలుపు పొరగా మారుస్తాయి. రెండూ గట్టిగా అంటుకుని ఉన్న పలచని తుప్పు మీదే పనిచేస్తాయి. పెచ్చులూడే తుప్పు మీద పూస్తే పై పెచ్చు మారి, దానితోనే రాలిపోతుంది.

చేతికి గ్లౌజు, కళ్లకు అద్దాలు పెట్టుకుని బ్రష్‌తో పూయండి. పదిహేను ఇరవై నిమిషాలు తడిగా ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో గుంటల్లో రుద్దండి. చుక్కలు బూడిదరంగులోకి తిరిగేదాకా రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. కడగాలా వద్దా అన్నది మాత్రం డబ్బా మీద ఏం రాసి ఉందో అదే చేయండి. కడగమన్న మందును కడగకపోతే మిగిలిన ఆమ్లం మీద తర్వాత వేసే ఎపాక్సీ ప్రైమర్ అంటుకోదు, కొన్ని నెలల తర్వాత అట్టలా లేస్తుంది. ఈ తప్పు నేను డిక్కీ మూత మీద చేశాను.

ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో తోమితే చాలదా అని మా నానమ్మ అడిగింది. చింతపండు పులుపు, నిమ్మ, వెనిగర్ కూడా తుప్పును కరిగిస్తాయి, అది నిజమే. కానీ తడి ఆరేలోపే రేకు మళ్లీ ఎర్రబడుతుంది, పైగా గుంటల్లో ఆమ్లం మిగులుతుంది. విప్పి బకెట్లో వేయగలిగిన చిన్న సామానుకు పనికొస్తుంది గానీ తలుపుకు వద్దు.

బకెట్లో పట్టే బ్రాకెట్లు, కీళ్ల లాంటివాటికి ఇంకా మంచి ఉపాయం ఉంది. పది లీటర్ల నీటిలో మూడు పెద్ద చెంచాల చాకలి సోడా కలిపి, తుప్పు ముక్కను వేలాడదీసి, 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ నెగెటివ్ తీగ దానికి, పాజిటివ్ తీగ పనికిరాని ఇనుప ముక్కకు తగిలించండి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. మర్నాటికి తుప్పు నల్లటి బురదలా ఊడొస్తుంది. పాజిటివ్ వైపు స్టీలు గరిటె మాత్రం పెట్టొద్దు. స్టెయిన్‌లెస్ నుంచి విషపూరితమైన క్రోమియం నీటిలోకి దిగుతుంది. హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి ఆరుబయటే, నిప్పుకు దూరంగా చేయండి.

కన్నం పడితే

పెళుసు రేకు అంతా కోసేసి, మంచి రేకు తగిలేదాకా వెళ్లాలి. తలుపు, మడ్‌గార్డు లాంటివాటికి 20 గేజీ, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్ల సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఉక్కు షీటు సరిపోతుంది. ముక్క మూలలను గుండ్రంగా కత్తిరించండి. పదునైన మూల దగ్గర వెల్డింగ్ పగుళ్లు ఇస్తుంది. తుప్పు రేకు అలాగే ఉంచి పైన కొత్త రేకు పరిచి అతకడం చాలాచోట్ల చేస్తారు. రెండు రేకుల మధ్య నీరు నిలిచి, రెండేళ్లలో రెండూ పోతాయి.

మిగ్ వెల్డింగ్ (సన్నటి తీగను యంత్రమే అందిస్తూ కరెంటుతో అతికేది), 0.6 లేదా 0.8 మిల్లీమీటర్ల తీగ ఉన్న షెడ్డును వెతుక్కోండి. ఒక చుక్క ఇక్కడ, తర్వాతి చుక్క ఎదురు మూలలో, మధ్యలో రేకు చల్లారే వ్యవధి. ఒకే గీతగా లాగిన వెల్డింగ్ తలుపును వంచేస్తుంది. గ్యాస్ వెల్డింగ్ తప్ప గతిలేకపోతే చుట్టూ తడిగుడ్డలు కప్పి, పని చిన్న చిన్న ముక్కలుగా చేయించండి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగ విప్పాలి, సీటు, అట్ట, చాప తీసేయాలి, దగ్గరలో పెట్రోలు ట్యాంకు గానీ పైపు గానీ ఉంటే అదీ విప్పాలి. అగ్నిమాపక సిలిండరుతో ఒక మనిషి పక్కనే నిలబడాలి.

ఫైబర్ గుడ్డ, రెజిన్‌తో కన్నం మూయడం గోనెగుడ్డ కథకు కాస్త ఖరీదైన రూపం, అంతే.

ఎపాక్సీ ముందు, లప్పం తర్వాత

మన షెడ్లలో చాలాచోట్ల బోసి రేకు మీద నేరుగా లప్పం పెడతారు. పాలిస్టర్ లప్పంలో సగానికి సగం సుద్దపొడి లాంటి పదార్థమే, అది తేమను పీలుస్తుంది. అందుకే రేకుకూ లప్పానికీ మధ్య ఎపాక్సీ ప్రైమర్ ఉండాలి. రేకును గాలి, నీరు తగలకుండా మూసేది అదొక్కటే. రంగుకు ముందు నునుపు కోసం వేసే బూడిదరంగు సర్ఫేసర్ ఆ పని చేయదు.

థిన్నర్ తడిపిన గుడ్డతో ఒకసారి, ఆరకముందే పొడిగుడ్డతో ఇంకోసారి తుడవండి. ఆ తర్వాత వేళ్లతో రేకును ముట్టుకోకూడదు, చెమటలోనూ ఉప్పే. తీరంలో బోసి రేకు కొన్ని గంటల్లోనే ఎర్రబడుతుంది కాబట్టి తుడిచిన గంటలోపు ప్రైమర్ పడిపోవాలి. రెండు పొరలు వేయండి, మధ్యలో డబ్బా చెప్పినంత విరామం ఇవ్వండి. వెల్డింగ్ వెనక వైపుకూ ఇదే ప్రైమర్ బ్రష్‌తో పట్టించండి. కనిపించని వైపు కదా అని వదిలేసినవాళ్లు ఏడాదిలో మళ్లీ ఇదే పని చేస్తారు.

ఎపాక్సీ పూర్తిగా ఆరాక 180 కాగితంతో గరుకు చేసి అప్పుడు లప్పం. దాన్ని గట్టిపరిచే హార్డెనర్ లప్పం బరువులో రెండు మూడు శాతం. హార్డెనర్ ఎక్కువైతే అది తర్వాత పైరంగులోకి పసుపుమరకలా ఎక్కుతుంది. కలిపిన లప్పం నాలుగైదు నిమిషాల్లో బిగుసుకుంటుంది, అంతలో వాడగలిగినంతే కలపండి. మందం 3 మిల్లీమీటర్లు దాటితే రేకు పని సరిగా జరగలేదని అర్థం. వెనక్కి వెళ్లి సుత్తి, డాలీ (సుత్తిదెబ్బకు రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) తీసుకోండి. లప్పాన్ని ఎప్పుడూ పొడిగానే అరగదీయాలి. తడి పేపరు వాడితే అది నీరు పీల్చుకుంటుంది, ఆ నీరే రేపటి పొక్కు.

సర్ఫేసర్, రంగు

ఈ భాగం గురించి ఎక్కువ చెప్పను. చేయి తిరిగిన పెయింటరు నా కంటే బాగా చేస్తాడు. సర్ఫేసర్ రెండు మూడు పొరలు, 400 నుంచి 800 దాకా వాటర్ పేపర్, తర్వాత రంగు. హార్డెనర్ కలిపే 2కే రంగుల్లో ఐసోసైనేట్లు అనే హానికర రసాయనాలు ఉంటాయి. మామూలు మాస్కుతో ఇంటి పెరట్లో వాటిని స్ప్రే చేయవద్దు, ఊపిరితిత్తులకు శాశ్వతమైన హాని జరగవచ్చు. ఆ పనిని స్ప్రే బూత్ (గాలిని వడగట్టే మూసిన గది) ఉన్నచోటే చేయించండి.

మీ కారు మీద ఇప్పుడున్న రంగు ఏ జాతిదో తెలుసుకోండి. మూలన థిన్నర్ గుడ్డతో రుద్దితే రంగు గుడ్డకు అంటుకుంటే అది ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాంటి పాత రంగు. దాని మీద నేరుగా 2కే కొడితే ముడతలు పడవచ్చు, మధ్యలో ఎపాక్సీ పొర ఉండాలి. ఎన్‌సీ రంగే మళ్లీ వేస్తుంటే, తేమ ఉన్న రోజున అది పాలుపోసినట్టు తెల్లబడుతుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ కలపమని అడగండి.

రంగు కలిపించడానికి నమూనా తీసుకెళ్లేటప్పుడు ఎండ తగలని డిక్కీ లోపలి ముక్క వద్దు. బయటి మూత ఒకటి విప్పి, పాలిష్ పెట్టి తీసుకెళ్లండి. నలభై ఏళ్ల ఎండలో తెలుపు తెలుపుగా ఉండదు. మా కారు తెలుపు మీగడరంగుకు దగ్గర. కొట్లో మొదట కలిపిచ్చిన తెలుపు దాని పక్కన గోడకు వేసిన సున్నంలా కనిపించింది. రంగునే మార్చదలుచుకుంటే మాత్రం ఆర్‌సీలో మార్పించుకోవాలి.

లోపల మైనం

బయట రంగు గట్టిపడ్డాక, అంటే రెండు వారాల తర్వాత, లోపలి వైపుకు వెళ్లాలి. తలుపు అడుగు, గడప పెట్టె, డిక్కీ మూత మడతలు, అన్నింటిలోకీ పొడవాటి గొట్టమున్న క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల కొట్టే మైనం) కొట్టాలి. అది పలచగా పాకి మడతల సందుల్లోకి దిగి, మెత్తగా ఉండిపోతుంది. కొట్టేటప్పుడు నీటి కన్నాల్లో చువ్వలు పెట్టి ఉంచి, తర్వాత తీసేయండి.

పాత డ్రైవర్లు ఇంజిన్ నుంచి తీసిన నల్లనూనెను అడుగున కొట్టేవారు. తుప్పును ఆపిన మాట నిజమే గానీ అది రబ్బరు బుష్‌లను ఉబ్బించి చెడగొడుతుంది, పెరట్లో నేలను పాడుచేస్తుంది. నేను వాడను. గట్టి నల్లటి అండర్‌బాడీ కోటింగ్‌ను తుప్పు ఉన్న రేకు మీద కొట్టించడం ఇంకా చెడ్డది. పగిలిన చోట నీరు దూరి, కోటింగ్ కిందే నిలిచి, కన్నం పడేదాకా ఏమీ కనిపించదు.

ఏటా కార్తీకం వెళ్లాక ఒక ఆదివారం పెట్టుకున్నాను. కారు అడుగు మంచినీటితో కడగడం, కన్నాల్లో సైకిల్ చువ్వ, తలుపులో చెంబెడు నీళ్లు, రాయి తగిలిన చోట్ల టచప్, వ్యాక్స్ పలచబడితే మళ్లీ ఒక పూత. గంటన్నర పని. వేపచెట్టు కొమ్మ కొట్టిద్దామంటే నానమ్మ ఒప్పుకోలేదు. కారునే రెండు గజాలు ఇవతలికి జరిపాం.